ఎర్రబోర్డు తగిలించినవాడు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు శుభ్రం పిచ్చి ఉండేది. (విడిచిన చొక్కా విడిచినచోటే పడి ఉండేది, ఈ పిచ్చి కంప్యూటర్ వరకే.) గోదావరిఖనిలో మాది చిన్న ఆఫీసు. గని కార్మికుల షిఫ్టు బస్సు ఏ స్టాపుకు ఎప్పుడొస్తుందో ఫోనులో చూపే యాప్ మా పని. కొత్త పద్ధతి ఏదైనా ప్రయోగించేటప్పుడు ప్రోగ్రాంలో ఒక స్విచ్ పెట్టేవాళ్లం. వేస్తే కొత్తది నడుస్తుంది, ఆపితే పాతది. ప్రయోగం అయిపోయాక స్విచ్చునూ పాతదాన్నీ తీసేయాలి. ఎవరూ తీయరు కాబట్టి పేరుకుపోయాయి. వాటిని ఏరే పని మా టీం లీడరక్క నాకు అప్పగించింది. "ఒక్కొక్కటి ఎవలు పెట్టిన్రో చూసి, ఆళ్లనడిగి తియ్యి తమ్మీ" అంది. అడగడమా, నేనా! ఒక్క మధ్యాహ్నంలో అన్నీ ఊడబీకి, మీసం దువ్వుకుంటూ (దువ్వేంత లేదు లెండి) కమాన్‌పూర్‌లో మా ఇంటికి వెళ్లిపోయాను.

తెల్లారి బాపు వచ్చి దుప్పటి లాగాడు. "బస్సు ఎళ్లిపోయిందిరా. నీ ఫోన్ల మాత్రం ఇంకా వస్తనే ఉన్నది." బాపు గనిలో ఎలక్ట్రీషియన్. తోటి కార్మికులిద్దరు రోజూ పోయే టైముకే బయలుదేరితే, "మావోడు చేసిన ఫోన్ల ఇయ్యాల లేటున్నది, ఛాయ్ తాగి పోదాం" అని ఆపింది ఆయనే. నేను బండి తీయగానే, "నా మాట మీద ఆగిన్రు. ఆళ్లను ముందుగాల దింపిరా" అన్నాడు. ఇద్దరినీ వెనక కుక్కుకుని గేటు దగ్గర దింపి వచ్చేసరికి బాపుకు హాజరు వేళ దాటిపోయింది. రిటైర్మెంటుకు నెల ముందు ఆయన ఒక రోజు మస్టర్ (హాజరూ, దాంతో జీతమూ) పోగొట్టిన ఘనత నాది.

తిడితే బాగుండేది. నేను స్విచ్చులు ఊడబీకిన సంగతంతా విని, సాయంత్రం తాపీగా అడిగాడు: "ఆ స్విచ్చు ఎవలు పెట్టిన్రు?"

"ఏమో బాపూ."

"మా కాడ మిషన్ రిపేరుకు కరెంటు బంద్ చేసి, స్విచ్చుకు పేరు రాసిన ఎర్రబోర్డు తగిలిస్తం. తగిలిచ్చినోడే తియ్యాలె. మర్చిపోయి ఇంటికి పోతే మనిషిని తోలి పిలిపిస్తరు గానీ, మేనేజర్ గూడ ముట్టడు. ఎందుకు పెట్టిండో ఆనికే ఎరుక."

ఆ పెట్టినవాడి మీద పళ్లు నూరుతూ కంప్యూటర్ తెరిచాను. కొత్త పద్ధతి మ్యాపులో దూరాన్ని బట్టి సమయం లెక్కగడుతుంది. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని కోసం రోడ్డు మళ్లించాక మా ఊరి బస్సు దగ్గరి దారిన ముందే వస్తోందని మ్యాపుకు తెలియదు. అందుకే మా ఊరికి, రోజూ బస్సు వచ్చిన వేళల్ని బట్టి చెప్పే పాత పద్ధతే ఉంచుతూ స్విచ్ పెట్టారు. పక్కన పేరుంది. నాదే! 'బాపు చెప్పిండు' అని కారణం కూడా రాసుకున్నాను.

రాత్రికే స్విచ్ తిరిగి పెట్టాను. మర్నాడు ఆ ఇద్దరూ ఛాయ్ వద్దని ముందే వెళ్లిపోయారు. బాపు ఒక్కడే ఫోన్ చూసుకుని, గ్లాసు ఖాళీ చేసి కదిలాడు. బండి తాళం పట్టుకుని నేనూ స్టాపు దాకా వెనకాలే నడిచాను. బస్సు టైముకు వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు దువ్వేంత మీసమైతే ఉంది గానీ దువ్వే ధైర్యం లేదు. ఏ స్విచ్ తీయాలన్నా పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తాను. నా పేరున్నవాటితోనే తంటా, ఎందుకు పెట్టానో ఒక్కటీ గుర్తురాదు. ఇంటికెళ్లి బాపునే అడుగుతాను. ఆయన ఛాయ్ పోసుకుంటూ, "ముందుగాల బండి తాళం చేతిల వట్టుకో, చెప్త" అంటాడు.