ఇరవై రెండున్నర అంగుళాల సీటు

"మేడమ్, మీరు కారు కొనటానికి వచ్చారా, జాకెట్టు కుట్టటానికి వచ్చారా?"

నరసరావుపేట షోరూములో సేల్స్‌మన్ సుధీర్ బాబు అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి మహాలక్ష్మి ఒక చిన్న ఎస్‌యూవీ ముందు తలుపు తీసి, నేల మీద గొంతుక్కూర్చుని, టేపుతో సీటు ఎత్తు కొలుస్తోంది. గురజాలలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్న మనిషి. కొలత తీయకుండా దేన్నీ నమ్మదు.

"రెండూ ఒకటే బాబూ. కొలత తప్పితే ఇబ్బంది తొడుక్కునేవాళ్ళకే," అంది.

ఆ కొలత ఆమె అత్త కోటమ్మ కోసం. కోటమ్మకు వారానికి రెండుసార్లు నరసరావుపేటలో డయాలసిస్. మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. ఆటో కుదుపు తట్టుకోలేదు. బాడుగ కార్లేమో నేలకు అంటుకున్నట్టుంటాయి. ఇద్దరు చంకల కింద చేతులేసి లాగితే తప్ప బయటికి రాలేదు. ఒకరోజు ఆసుపత్రి గుమ్మంలో అలా లాగుతుంటే చీర జారింది. చుట్టూ జనం.

"ఇంక నేను రాను. నన్ను బస్తాలాగా దించమాకండి," అని ఇంటికొచ్చి చెప్పేసింది కోటమ్మ. తర్వాత రెండుసార్లు వెళ్ళలేదు. కాళ్ళు వాచాయి, ఆయాసం మొదలైంది. బతిమాలి తీసుకెళితే, ఇట్లా మానేస్తే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే అన్నాడు.

దీన్ని అత్తాకోడళ్ళ అనుబంధమని పొగిడేవాళ్ళుంటారు. ఆ ఇద్దరికీ ఇరవై ఏళ్ళుగా పడదు. కూరలో ఉప్పు దగ్గర పొద్దున మొదలైన మాట సాయంత్రం దాకా సాగుతుంది. అయినా కారు దిగలేక ఒక మనిషి చచ్చిపోవటం మహాలక్ష్మికి తెలివితక్కువ పనిగా తోచింది. అంతే.

ఇంట్లో కోటమ్మ ఎవరి సాయమూ లేకుండా కూర్చుని లేచేది కుట్టు మిషను పక్కనున్న బల్ల మీద నుంచే. మహాలక్ష్మి దాని ఎత్తు కొలిచింది. ఇరవై రెండున్నర అంగుళాలు.

ఆమె భర్త కోటి పిడుగురాళ్ళ సున్నం లారీ నడుపుతాడు. షోరూములో అతని చూపు అన్నిటికన్నా ఎత్తయిన బండి మీద పడింది.

"ఏమే, ఇది చూడు. పైకప్పు తెరుచుకుంటది."

"మీ అమ్మ పైకప్పులోంచి దిగుద్దా?"

టేపు ఇరవై ఏడు చూపించింది. ధర తొమ్మిదిన్నర లక్షలు. ఏడున్నర దాటకూడదని ఇంట్లోనే అనుకుని వచ్చారు.

రెండోదాని సీటు సరిగ్గా ఇరవై రెండున్నర. కోటి అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. మహాలక్ష్మి ఆగమంది.

"బాబూ, మీరొకసారి కూసోండి."

సుధీర్ బాబు కూర్చున్నాడు. సీటు రెండంగుళాలు కిందికి దిగింది.

"ఉతికితే ముడుచుకునే గుడ్డ ఇది," అని టేపు చుట్టేసింది.

మూడోది అన్నిటికన్నా తక్కువ రకం. టచ్ స్క్రీన్ లేదు, వెనక కెమెరా లేదు. సీటు ఇరవై నాలుగు. మనిషి కూర్చుంటే ఇరవై రెండున్నర. తలుపు దగ్గర గడప కూడా పల్లంగా ఉంది, కాలు పెద్దగా ఎత్తక్కర్లేదు. అన్ని ఖర్చులూ కలిపి ఏడు లక్షల నలభై వేలు.

"బుక్ చేద్దామా మేడమ్?"

"గురువారం ఆసుపత్రి కాడికి తీసుకురండి. డయాలసిస్ అయినాక ఎక్కించి చూస్తా. ఓపికున్నప్పుడు ఎవరైనా ఎక్కుతారు."

సుధీర్ బాబు నిజంగానే తెచ్చాడు. చక్రాల కుర్చీలో బయటికొచ్చిన కోటమ్మ బండిని కాసేపు అనుమానంగా చూసింది. కోటి చెయ్యి చాచాడు.

"నువ్వు పక్కకి పోరా."

ఆమె వెనక్కి తిరిగి, తలుపు అంచు పట్టుకుని, సీటు మీద కూర్చుంది. ఒక కాలు లోపల పెట్టుకుంది. రెండో కాలికి చానా సేపు పట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"దిగు అత్తా. ఇంకోసారి."

"ఏందే, ఎక్కి దిగటానికి నేనేమన్నా బస్సు కండక్టర్నా?" అంటూనే కోటమ్మ దిగింది. మళ్ళీ ఎక్కింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఇదైతే వస్తా," అంది కొడుకుతో.

బండి కొని ఆరు నెలలైంది. కోటమ్మ ఒక్కసారి కూడా డయాలసిస్ మానలేదు. బ్యాంకులో ఐదు లక్షలు అప్పు తీసుకున్నారు. ఈ నెల కిస్తీ పోను ఇంకా నాలుగు లక్షల యాభై తొమ్మిది వేలు కట్టాలి.