దీపం మీద గోనె

వంతెన రాకముందు నేను రేవులో పడవ నడిపేవాణ్ణి. వంతెన వచ్చింది, పడవ ఆగింది. నేనేం ఏడవలేదు. వరద గోదారిలో జనాన్ని ఎక్కించుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అవతలి ఒడ్డు చేర్చినవాడికి వంతెన విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. దాని స్తంభాలకీ తీగలకీ రంగుల దీపాలు పెట్టిన సాయంత్రం మా ఆవిణ్ణి తీసుకెళ్ళి నేనూ నోరు తెరుచుకునే చూశాను. నీళ్ళ మీద ఊదా, ఆకుపచ్చ, ఎరుపు. తీర్థంలో నిలబడ్డట్టుంది.

ఇప్పుడు ఆ వంతెన మొదట్లోనే మాకు టీ కొట్టుంది. అరటి గెలల లారీలు తెల్లారేసరికి రావులపాలెం చేరాలి కాబట్టి నాలుగింటికే పొయ్యి వెలిగిస్తాం.

మొన్నటి మార్గశిరంలో ఒకరోజు, పాలు పొయ్యి మీద పెట్టగానే, వంతెన మీద తడిగుడ్డ నేలకేసి కొట్టినట్టు చప్పుడైంది. కాసేపటికి ఇంకోటి. మంచు బాగా పట్టి ఉంది. వెళ్ళి చూద్దును కదా, రోడ్డు మీద మూడు పరజలు. చలికాలం ఎక్కడెక్కడి నుంచో మా లంకలకి వచ్చే అడవి బాతులవి. రెండు చచ్చిపోయాయి, ఒకటి రెక్క కొట్టుకుంటోంది. తలెత్తాను. మంచులో వెలుగు పెద్ద గుడారంలా ఉంది. ఆ గుడారం లోపల వందల పరజలు గుండ్రంగా తిరుగుతున్నాయి. బయటికి పోవు. తిరుగుతాయి, అరుస్తాయి, తీగకి కొట్టుకుంటాయి.

అది నాకు తెలిసిన పని. చిన్నప్పుడు మేమూ అదే చేశాం.

మంచు పట్టిన వేళ పడవ ముక్కున పెట్రోమాక్స్ దీపం పెట్టి నది మధ్యలో ఆగితే పరజలు దాని చుట్టూ చేరేవి. వెదురుకి కట్టిన వలతో పట్టేవాళ్ళం. రేవులో అందరికీ ఒకటే కట్టుబాటు: ఇంటికి చాలినన్ని పట్టగానే దీపం మీద బుట్ట బోర్లించి, పైన గోనె కప్పెయ్యాలి. మిగతావి వాటి దారిన పోవాలి. కప్పనివాణ్ణి మా నాన్న పడవలోంచి నీళ్ళలోకి తోసేవాడు. ఒకసారి నన్నే తోశాడు.

ఇప్పుడీ వంతెన దీపానికి గోనె కప్పేవాడు లేడు. ఆగిన లారీ డ్రైవరు చచ్చిన ఆ రెండింటినీ కాళ్ళు పట్టి ఎత్తి, "తాతా, ఇవాళ ఆకాశమే కూర పంపింది" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు లేదు.

మంచు వేళ ఆ రంగుల దీపాలు ఆర్పమని వంతెన ఆఫీసుకి అర్జీ రాద్దామనుకున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. కొట్టు బల్ల మీద సుద్దముక్కతో దిద్దించింది మా ఆవిడే. అర్జీ మూడు రోజులు పట్టింది. ఆవిడ చదివి, నేను చిన్నప్పుడు పరజలని దీపంతో పట్టి తిన్నానని రాసిన చోట వేలు పెట్టింది.

"ఇది కొట్టెయ్యండి. అడవి శాఖ వాళ్ళు చూస్తే ముసలివారని కూడా చూడరు. లోపలేస్తారు."

"అది కొట్టేస్తే ఇంకేం మిగుల్తుంది? దీపాలు చూసి ఓర్వలేని ముసలాడి ఏడుపు మిగుల్తుంది."

"ఆరేళ్ళ కిందట 'అ' వంకర పోయిన మనిషికి ఎంత పొగరండీ" అంది. కానీ ఆ వాక్యం కొట్టెయ్యలేదు. అందులో మూడు తప్పులు దిద్దింది.

ఆఫీసులో ఇంజినీరు గారు మా మనవరాలి వయసు అమ్మాయి. అర్జీ రెండుసార్లు చదివింది. చచ్చిన పిట్టలు దొరుకుతున్నాయని తనకీ తెలుసట. లారీలు కొట్టాయని పైవాళ్ళు కొట్టిపారేశారట.

"ఈ పట్టి తిన్న మాట నిజమేనా అండి?"

"నిజమేనమ్మా. రుచిగా కూడా ఉండేవి."

గుమాస్తా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "గోనె కప్పాక ఎంతసేపటికి పోయేవి?"

"పది ఊపిర్లు."

ఆవిడ ఈసారి మంచు పట్టి పిట్టలు చేరితే ఫోన్ చెయ్యమంది. వచ్చి దీపాలు ఆర్పిస్తుంది, అవి వెళ్ళిపోతే పైవాళ్ళని అడుగుతుంది. "వెళ్ళకపోతే మాత్రం నేను మళ్ళీ అడగలేను తాతగారూ. మీరూ అడక్కూడదు."

ఆ తర్వాత ఐదు రోజులు మంచు లేదు. నింగి అద్దంలా ఉంది. అంత మంచి వాతావరణాన్ని నేను జన్మలో అంతగా తిట్టుకోలేదు.

ఆరోరోజు నిద్ర లేచేసరికి మంచుకి వాకిట్లో పంపు కనపడలేదు. వంతెన దగ్గరికి పరుగెత్తాను, ఈ మోకాళ్ళతోనే. తిరుగుతున్నాయి. ఫోన్ చేశాను. ఇంజినీరమ్మాయి శాలువా కప్పుకుని స్కూటీ మీద వచ్చి పైకి చూసింది. తర్వాత స్విచ్ గదికి ఫోన్ చేసింది.

రంగుల దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. రోడ్డు దీపాలు మాత్రం కింద మినుకుమంటున్నాయి. నేను ఊపిరి లెక్కపెట్టాను. ఐదు. తిరుగుతూనే ఉన్నాయి. పది. ఇంకా అరుపులు నెత్తి మీదే. ఆవిడ నా వైపు చూసింది. పన్నెండు, పదమూడు. పడవ దీపం వేరు, వంతెన వేరు. ఎరగక మాటిచ్చానా అనుకున్నాను.

పదిహేడో ఊపిరికి పైన ఎక్కడో ఒకటి గట్టిగా అరిచింది. ఆ అరుపు లంక వైపు జరిగింది. వెంటనే వంద చాటలు ఒకేసారి చెరిగినట్టు రెక్కల చప్పుడు మా మీదుగా సాగి, సన్నబడి, పోయింది. కింద గోదారి ఒక్కటే వినిపిస్తోంది.

"పదిహేడు, తాతగారూ" అందావిడ. తనూ లెక్కపెట్టిందన్నమాట.

"నా ఊపిరి ఇవాళ వేగంగా ఉందమ్మా" అన్నాను.

పైవాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది: చలికాలంలో మంచు పడితే రంగుల దీపాలు ఆర్పాలి. మంచు పడిందని చెప్పే పని నాకప్పగించారు. ఇప్పుడు పొయ్యి వెలిగించే ముందు వాకిట్లోకొచ్చి పంపు కోసం చూస్తాను. కనపడకపోతే స్విచ్ గదికి ఫోన్ చేసి "గోనె కప్పండి" అంటాను. వాళ్ళకి అర్థమవుతుంది. పిట్టలు చేరి ఉంటే మా ఆవిడ పాలగిన్నె దించి నా పక్కనొచ్చి నిలబడుతుంది. ఇద్దరం లెక్కపెడతాం. ఒకసారి పదకొండుకి వెళ్ళాయి. పదికి ఇంకా రాలేదు.