సిరిసిల్ల సర్వర్ నా బల్ల మీదే ఉంది

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. మా మల్యాలలో ఎవరికైనా ఏదో సోకిందంటే, ముందు బీపీ చూపించుకోండని చెప్పేవాడిని. అందుకు మా అమ్మతో తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. చెప్పాలంటే భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని చూస్తాను. పేరెందుకు లెండి. మూడు ఊళ్లలో మూడు సర్వర్లు. రోగి ఏ ఊరు వెళ్లినా పాత వివరాలన్నీ అక్కడే కనబడాలని ఈ ఏర్పాటు. దీనికో కట్టుబాటు ఉంది. మూడింటిలో కనీసం రెండు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటేనే పని నడుస్తుంది. ఏదైనా ఒంటరిగా మిగిలితే అది తనంతట తానే ఆగిపోవాలి. లేకపోతే ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా వివరాలు చేరి, ఏది నిజమో తెలియకుండా పోతుంది.

అందుకే ప్రతి ఊరికీ రెండు లైన్లు ఉండాలి. రెండూ వేరు వేరు దారుల్లో రావాలి. కోరుట్లకు రెండు కంపెనీల దగ్గర తీసుకున్నాం. కానీ మా వైపు కంపెనీ ఏదైనా, ఊళ్లో తీగ లాగేది కేబుల్ టీవీ వాళ్లే. కోరుట్లలో ఆ పని మా చిన్నమ్మ కొడుకుది.

"రెండు వేరే వేరే తొవ్వలల్ల అస్తున్నయ్ అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మనవాడే కదా అని సంతకం పెట్టేశాను. బండి తీసి స్తంభాల వెంట ఒకసారి వెళ్లి చూస్తే సరిపోయేది. ఈ ఎండలో ఎవరు తిరుగుతారులే అనుకున్నాను.

పోయిన వరికోతలప్పుడు సిరిసిల్ల సర్వర్ మొరాయించింది. నేనే వెళ్లి విప్పి జగిత్యాలకు తెచ్చుకున్నాను. అలా తీసేటప్పుడు అన్ని శాఖలకూ చెప్పాలి, బదులు ఇంకొకటి పెట్టాలి. చెబితే నానా ప్రశ్నలూ వేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఇంకా రెండున్నాయి, ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు పగలు దాని మూత విప్పి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు వైరు పీకే ఉంది. ఉన్నట్టుండి జగిత్యాల సర్వర్ ఆగిపోయింది. కౌంటర్ల దగ్గర గోల మొదలైంది. కోరుట్ల తమ్ముడికి ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది. వరిగడ్డి ఎత్తుగా వేసుకుని పోతున్న ట్రాక్టరొకటి కోరుట్ల దగ్గర తీగను తెంపేసింది. రెండు కంపెనీలూ ఆ ఒక్క తీగ మీదే వస్తున్నాయి.

ఇక్కడ ఆగిందంటే కోరుట్లలోనూ ఆగే ఉండాలి. అక్కడ కాన్పుల వార్డు ఉంది. ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది.

"మాకేం ఆగలే సార్, మంచిగనే నడుస్తుంది. ఇప్పుడే ఒక పేషెంట్‌ది తీసి చూసినం."

సెల్‌ఫోన్ నెట్ ఏమైనా కలిపారా అని అడిగాను. లేదంది. తీగ అతికించాక కోరుట్ల సర్వర్ తెరిచి చూశాను. లైను తెగి ఉన్నంతసేపూ దానికి సిరిసిల్ల నుంచి జవాబు వస్తూనే ఉంది. వెళ్లడానికి దారి లేదు. దారి ఉన్నా అక్కడ మిషన్ లేదు. అది మూత లేకుండా నా ముందే ఉంది.

అదే అడ్రసుతో ఇంకేదైనా పనిచేస్తోందేమోనని మర్నాడు సిరిసిల్ల వెళ్లాను. అక్కడి ఆయా నన్ను చూడగానే అడిగింది.

"మిషిన్ ఎప్పుడు తెచ్చి పెట్టిపోయిండ్రు సార్? నిన్న గా రూంలకెళ్లి మస్తు సప్పుడు అచ్చింది."

పక్క వీధిలో సాంచాల చప్పుడు అయి ఉంటుందన్నాను. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు.

"నూలు రాక సాంచాలు బందు పెట్టిండ్రు గద సార్" అంది.

గది తలుపు తీశాను. సర్వర్ ఉండే అర ఖాళీగా ఉంది. నేను పీకిన వైరు కొస అలాగే వేలాడుతోంది. ఇంకేమీ లేదు.

కోరుట్ల నర్సు వివరాలు తీసి చూసిన పేషెంట్ రాయికల్ వైపు అమ్మాయి. మొదటి కాన్పుకు మా జగిత్యాల శాఖకు వచ్చినప్పుడు ఒక ఇంజెక్షన్ పడక ఊపిరాడలేదట, చావు తప్పి బయటపడిందట. ఈసారి స్పృహ లేని స్థితిలో ఇరుగుపొరుగు వాళ్లు కోరుట్లకు తీసుకొచ్చారు. ఏ ఇంజెక్షన్ పడదో వాళ్లకు తెలియదు. సిరంజిలోకి ఎక్కించింది అదే మందు. స్క్రీన్ మీద పాత వివరాలు చూసి ఆపారు. స్క్రీన్ ఆగిపోయి ఉంటే ఇచ్చేసేవారు.

పెద్ద డాక్టర్ గారు మీటింగ్ పెట్టి, లైను తెగినా కోరుట్లను ఆగకుండా నడిపానని నాకు శాలువా కప్పారు. తీగ విషయంలో మా తమ్ముడు మోసం చేశాడని చెప్పాను. నేను వెళ్లి చూడలేదని చెప్పలేదు. సర్వర్ నా బల్ల మీద ఉందన్న సంగతి అసలే ఎత్తలేదు. చప్పట్లు కొడుతుంటే తల వంచుకుని నిలబడ్డాను. ఆ శాలువా ఇంట్లో ఎవరి కంటా పడకుండా దాచాను.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి తల్లి జగిత్యాల వచ్చింది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. కంప్యూటర్ సారు ఎవరని అందరినీ అడుగుతూ నా గదికి చేరింది.

"నా బిడ్డకు అల్లుడు దగ్గర లేడు సారూ, దుబాయ్‌ల ఉన్నడు. నువ్వే దాన్ని బతికిచ్చినవ్" అని కాళ్ల మీదికి వంగబోయింది.

చటుక్కున వెనక్కి జరిగాను. నేనేం చేయలేదమ్మా అన్నాను. ఈ వ్యవహారంలో నేను చెప్పిన నిజం అదొక్కటే. పెద్ద మనసున్న సారని అక్కడున్న వాళ్లకు చెప్పుకుంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు కోరుట్లకు రెండు తీగలూ వేరు వేరు దారుల్లోనే వస్తున్నాయి, స్తంభం స్తంభం చూసి వచ్చాను. ఆ రోజు కోరుట్లకు జవాబిచ్చింది ఎవరో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు. నేను కాదని తెలుసు.