ఆ పేరు వెనక ఎవరూ లేరండీ

రెండువేల అయిదు ప్రాంతాల్లో నా మొదటి కార్టూను ఒక వారపత్రికలో అచ్చయింది. వంటల పేజీకి ఎదురుగా, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద చోటులో వేశారు. అప్పుడప్పుడే ఏలూరులో ఫ్లెక్సీలు మొదలయ్యాయి. బస్టాండు మొత్తాన్నీ మూసేసిన ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ గీశాను. అందులో శుభాకాంక్షలు చెప్పేవాళ్ల తలకాయలు నలభై. చేతిలో సంచితో ఓ ముసలాయన "బస్టాండెక్కడండీ?" అని అడుగుతున్నాడు. పక్కనున్నాయన "ఆ పుట్టినరోజు వెనకాలండీ" అంటున్నాడు. నలభై తలకాయలకీ నలభై రకాల ముక్కులు పెట్టాను. అందుకే రెండు రోజులు పట్టింది.

మూడు వారాల తర్వాత ఓ పాఠకుడు రాసిన కార్డును పత్రికవాళ్లు మా ఇంటికి పంపించారు. "కార్టూను బ్రహ్మాండం సార్. శ్రీమతి గారి పేరుతో గీయడంలోనే మీ మంచి మనసు తెలుస్తోంది" అని ఉంది. చదివి పడీపడీ నవ్వాను. అంతటితో అయిపోతుందనుకున్నాను.

ఆ పాఠకుడిని పూర్తిగా తప్పుపట్టలేను. మన పత్రికల్లో మగవాళ్లు భార్యల పేర్లతో కథలు రాయడం, కార్టూన్లు గీయడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆడవాళ్ల పేరైతే సంపాదకుడు ఇంకోసారి చూస్తాడని కొందరు, ఆఫీసులో తెలియకూడదని కొందరు, ఇంట్లో శాంతి కోసం ఇంకొందరు అలా చేశారు. వాళ్ల సరదా వాళ్లు తీర్చుకున్నారు. దాంతో ఆడపేరు కనబడితే దాని వెనక తప్పకుండా ఓ మీసం ఉంటుందని చదివేవాళ్లు ఖాయం చేసుకున్నారు. నాకు మండేది అక్కడే. నిజంగా ఆ పేరు పెట్టుకుని పుట్టినదాని సంగతి ఎవరూ ఆలోచించలేదు.

మా ఇంట్లో ఉన్న మీసం మా ఆయనది. తాడేపల్లిగూడెంలో ఓ ట్యుటోరియల్ కాలేజీలో లెక్కల మాస్టారు. రోజూ ప్యాసింజరు రైలెక్కి వెళ్లి వచ్చేవారు. ఆయన బోర్డు మీద వృత్తం గీస్తే పిల్లలు అది సొరకాయా బీరకాయా అని పందేలు వేసుకునేవారట. మంచి మనిషి. నన్ను గీయొద్దని ఒక్కనాడూ అనలేదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే, ఎవరికీ ఏదీ కాదని చెప్పలేరు.

నాకు బొమ్మలు గీయడం మా నాన్న దగ్గర అబ్బింది. మాది మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఓ ఊరు. నాన్న అక్కడి మిషను బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో సండే స్కూలు కూడా చెప్పేవారు. నాలుగో తరగతిలో నన్ను గొర్రెల కాపరి బొమ్మ గీయమన్నారు. మా ఊళ్లో గొర్రెలు లేవు. గేదెలు గీసి, పెద్ద గేదె మీద కాపరిని కూర్చోబెట్టాను. సంఘపెద్ద ఒకాయన చూసి, "ఇదేంటి మాస్టారూ, గేదెలేంటండీ?" అని నొచ్చుకున్నారు. నాన్న, "పిల్లకి తెలిసిన మంద అదేనండీ" అని ఆ బొమ్మని గోడకి అంటించేశారు. చూసింది గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఆ రోజునే నాకు తెలిసింది.

ఏలూరులో చూడ్డానికేం తక్కువ? మా ఇంట్లోనే బోలెడంత ఉండేది. సెల్‌ఫోన్లు కొత్త. మాట్లాడితే ఖర్చని అందరం మిస్డ్ కాల్స్ మీద కాపురాలు చేసేవాళ్లం. మా ఆయన ఒక మిస్డ్ కాల్ ఇస్తే రైలెక్కినట్టు, రెండిస్తే అన్నం వండేయమన్నట్టు. ఓసారి మూడిచ్చారు. మూడంటే ఏమిటో మేం అనుకోలేదు. గుండె పట్టుకుని కూర్చున్నాను. తీరా వచ్చాక చూస్తే ఫోను చొక్కా జేబులో తనంతట తనే నొక్కుకుందట. ఏడవాల్సింది పోయి కాగితం తీసుకుని గీశాను. ఆ కార్టూను చాలామందికి నచ్చింది. నా అసలు తిప్పలు మొదలైంది కూడా దానితోనే.

కాంప్లిమెంటరీ కాపీ తెచ్చిన పోస్టుమాను, "అయ్యగారి బొమ్మ మళ్లీ పడిందండీ" అన్నాడు.

"అయ్యగారిది కాదు బాబూ, నాది. నేను గీశాను."

"ఆయ్, అలాగేనండీ" అని ఇంత నవ్వు నవ్వి వెళ్లిపోయాడు. నేనేదో జోకు వేశాననుకున్నాడు. పాలవాడూ అంతే, పక్కింటి పిన్నిగారూ అంతే. "మీ ఆయన భలే గీస్తున్నారమ్మా" అనేవారు. "నేనండీ" అంటే నవ్వేవారు. నేను కష్టపడి గీసిన వాటికి రాని నవ్వు, నిజం చెబితే వచ్చేది.

మా ఆయన మొదట్లో స్టాఫ్ రూములో గట్టిగానే చెప్పారట, "నేను కాదండీ బాబూ, మా ఆవిడ" అని. వాళ్లు "తెలుసులెండి మాస్టారూ" అని కన్నుగీటారట. రెండో ఏడాదికి ఆయన నవ్వి ఊరుకోవడం నేర్చుకున్నారు. మూడో ఏడాదికి ఇంటికొచ్చి, "మన మిస్డ్ కాల్ కార్టూను ఇంకా చెప్పుకుంటున్నారు" అన్నారు. ఆ 'మన' నాకు చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం అన్నానికి రమ్మంటే ఆకలి లేదన్నారు.

"ఏం, ఎందుకు లేదండీ?"

"స్టాఫ్ రూములో పునుగులు తెప్పించారు."

"ఎవరు? ఎందుకు?"

ఆయన బూట్లు విప్పుకుంటూ తల ఎత్తలేదు. "కార్టూను బాగుందని... కాదన్నా నమ్మరే! ఎన్నిసార్లు చెప్పను? పోనీలే, పదిమందీ నవ్వుకుంటున్నారుగా."

"గీత నాది, పునుగులు మీవి. బాగుందండీ పంపకం!"

రెండు రోజులు మాట్లాడలేదు. చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని మా అత్తగారు కూడా అన్నారు. నాకది చిన్న విషయం కాదు. ఇల్లు ఆయన పేరున, రేషను కార్డు ఆయన పేరున, గ్యాసు ఆయన పేరున. చివరికి చర్చి పుస్తకంలో కూడా నేను ఆయన కుటుంబ సభ్యురాలినే. నా పేరున ఉన్నది కార్టూను కింద మూలన ఉండే ఆ చిన్న సంతకమొక్కటే. దాన్ని కూడా తీసుకెళ్లి ఆయన ఖాతాలో వేస్తే ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. గీయడం మానేస్తే పీడ పోతుందని కూడా ఒకసారి అనిపించింది. మానేస్తే వాళ్లన్నదే నిజమవుతుందని, మరింత కసిగా గీశాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక హద్దుల గొడవ తెగని రోజులవి. సరస్సు ఎంతవరకని ఒకరు, మా చెరువు ఎంతవరకని ఇంకొకరు, ఎక్కడ చూసినా కొలతలే. నేనో కొంగని గీశాను. నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి, టేపు పట్టుకున్న సర్వేయరుని అడుగుతోంది: "హద్దు తేలేదాకా రెండో కాలు ఎక్కడ పెట్టమంటారండీ?" దానికి తాడేపల్లిగూడెంలోని ఓ సాంస్కృతిక సంఘంవాళ్లు కార్టూన్ల పోటీలో రెండో బహుమతి ప్రకటించారు. నా పేరుకే ఆహ్వానం వచ్చింది. తమరు సతీసమేతంగా విచ్చేయవలసిందని అందులో రాశారు.

ఆ ఉత్తరాన్ని మా ఆయన ముందు పెట్టాను. "బట్టలు ఇస్త్రీ చేయించుకోండి. ఆదివారం మిమ్మల్ని సతిగా తీసుకెళతాను" అన్నాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు.

ఏప్రిల్ నెల. ఉదయం పదింటికే కల్యాణమండపం ఉడికిపోతోంది. వీధి చివర లారీల్లోంచి దింపుతున్న ఉల్లిపాయల ఘాటు హాల్లోకీ వస్తోంది. గుమ్మంలో సంఘం అధ్యక్షుడు మా ఆయనకి దండ వేసి, ముందు వరసలో మిగతా నలుగురు విజేతల పక్కన కూర్చోబెట్టారు. ఆ అధ్యక్షుడు రిటైరైన ఆఫీసరు, నెమ్మదస్తుడు. నన్ను చూసి, "అమ్మా, లేడీస్ అటువైపండీ" అన్నారు. మా ఆయన ఏదో చెప్పబోయారు. దండ సర్దుకునేసరికి అధ్యక్షుడు వెళ్లిపోయారు.

మొదటి బహుమతి అందుకున్నాయన రెండు ముక్కలు మాట్లాడి దిగారు. తర్వాత నా పేరు పిలిచారు. కార్యకర్తలిద్దరు మా ఆయన్ని లేపుతున్నారు. నేను అప్పటికే మెట్లెక్కేశాను. అధ్యక్షుడు మైకు అందుకుని, "కార్టూనిస్టు గారి తరఫున వారి శ్రీమతి గారు స్వీకరిస్తున్నారు" అన్నారు.

"ఎవరి తరఫునా కాదండీ. గీసింది నేనే" అన్నాను. హాలంతా గొల్లుమంది. హాస్యసభ కదా, నా వంతు హాస్యం పండించాననుకున్నారు.

అధ్యక్షుడు మంచి మాటలే చెప్పారు. "పోనీ ఇక్కడ బోర్డుందమ్మా. రెండు గీతలు గీసేయండి. అందరి అనుమానం తీరిపోద్ది." సుద్దముక్క కూడా అందించారు.

చెయ్యి దురద పెట్టింది. ఆయన కళ్లజోడు, బొజ్జ మీద వాలిన బ్యాడ్జి, ఒక్క నిమిషంలో దించేసేదాన్ని. హాలు హోరెత్తిపోయేది. కానీ ఎందుకు గీయాలి? ఇంతకుముందే ఒకాయన పరీక్ష రాయకుండా బహుమతి పట్టుకుని దిగారు.

"మొదటి బహుమతి ఆయన్ని గీయమన్నారా అండీ?"

"ఆయన సంగతి అందరికీ తెలుసు కదమ్మా."

"నా సంగతి బొమ్మ కింద సంతకంలో ఉంది. వాళ్ల నలుగురిచేతా గీయించండి. చివర్న నేనూ గీస్తాను."

సుద్దముక్కని ఆయన చేతిలోనే పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో విజేతలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని అక్కడే నిలబడ్డాను.

అప్పుడు మా ఆయన మెట్లెక్కి వచ్చి మైకు తీసుకున్నారు. "నేను లెక్కల మాస్టార్నండీ. నాకు సున్నా కూడా గుండ్రంగా రాదు. ఈ బొమ్మలన్నీ మా ఆవిడే గీసింది. ఇన్నాళ్లూ గట్టిగా కాదని చెప్పకపోవడం నాదే తప్పండీ" అన్నారు. అంత పనీ చేయగలరని నేననుకోలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

హాలంతా చప్పట్లు. కొందరు లేచి నిలబడ్డారు. ఆయన్ని ఎవరూ సుద్దముక్క పట్టుకోమనలేదు, సున్నా గీసి చూపించమనలేదు. ఇన్నేళ్లుగా నేను చెబితే జోకైన మాట, ఆయన ఒక్కసారి చెప్పగానే నిజమైపోయింది. తిరిగిన నీళ్లు తిరిగినట్టే ఆగిపోయాయి.

అధ్యక్షుడైతే కరిగిపోయారు. "ఎంత పెద్ద మనసండీ! భార్యని ఇంతగా ప్రోత్సహించే భర్త ఎంతమందికి దొరుకుతారు!" అంటూ రెండో బహుమతి పళ్లెంలోంచి జరీ అంచు శాలువా తీసి, మడత విప్పి, మా ఆయన వైపు తిరిగారు. మా ఆయన అలవాటు కొద్దీ మెడ వంచేశారు.

శాలువా కొస గాల్లోనే పట్టుకున్నాను.

"అది నాదండీ" అన్నాను మైకులో.

మా ఆయన మెడ ఎత్తి రెండడుగులు వెనక్కి వేశారు. అధ్యక్షుడి చేతుల్లోంచి శాలువా తీసుకుని, ఆ ఉక్కలో, ఆ ఉల్లిపాయల ఘాటులో, నా భుజాల మీద నేనే కప్పుకున్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేను తొందరపడలేదు. రెండువైపులా అంచులు సమంగా ఉన్నాయో లేవో చూసుకుని, అప్పుడు మెట్లు దిగాను.