వరంగల్‌లో కలరా లేదు

బొంబాయి విమానాశ్రయంలో ఆరోగ్యశాఖ బల్ల దగ్గర కూర్చున్న డాక్టరు మా చెల్లె టీకాల పుస్తకం తిరగేసి, ముద్రలు చూసి, మూసి ఇచ్చేశాడు. ఇక వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వెళ్ళలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు తోసుకుంటున్నారు. ఆమె బల్ల మీదికి వంగి ఏదో చెప్పింది. డాక్టరు తలెత్తి చూశాడు, ఏదో అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

నేను సాగనంపడానికి వచ్చినవాళ్ళ మధ్య, ఇనుప కటకటాల ఇవతల ఉన్నాను. నాకు కనబడింది గాని వినబడలేదు. మాటలు తర్వాత ఆమె చెప్పగా విన్నాను. మా ఊళ్ళో కలరా ఉందని, తాను ఆ వార్డులోనే పనిచేసిన నర్సునని, బయలుదేరే ముందు అన్నం తిన్న ఇంట్లో ఒకరికి కలరా వచ్చిందని, ఈ పొద్దున తనకూ కడుపు జారిందని చెప్పింది. డాక్టరు తన దగ్గరున్న జాబితా చూసుకుని, వరంగల్ పేరు ఇందులో లేదే అన్నాడట. జాబితాలో లేకపోవచ్చు, ఊళ్ళో ఉంది అన్నదట మా చెల్లె.

విమానం ఆమెను వదిలేసి వెళ్ళిపోయింది.

ఏళ్ళు గడిచాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు, ఆయన పని ఆయన చేశాడు. కోపం ఎవరి మీదో చెప్పాలంటే ఆ వానకాలం మా ఊళ్ళో ఏం జరిగిందో చెప్పాలి.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. కలరా అప్పటికి ఏడోసారి ప్రపంచం చుట్టి వస్తోంది. ఇండోనేషియాలో మొదలై, మన దేశం దాటి, అరబ్బు దేశాలు, ఆఫ్రికా దాకా పాకింది. దాన్ని మావైపు గత్తర అంటారు. తిట్లలో ఇంకా బతికున్న మాట అది. ఎవరి మీదైనా పట్టరాని కోపం వస్తే ముసలమ్మలు గత్తర రాను అని తిడతారు. ఆ ఏడాది తిట్టు నిజమైంది. వానలకు మురికి కాలువలు పొంగి, వాటి పక్కనుంచే పోయే నల్లా పైపుల్లోకి దిగాయి. రోగం పల్లపు వాడల్లో మొదలై పల్లెల బావుల దాకా పోయింది.

నేను అప్పుడు ఒక దినపత్రికకు వరంగల్ విలేకరిని. మా చెల్లె ఊళ్ళోని ఒక చిన్న సర్కారు దవాఖానలో నర్సు. ఆమె వార్డును నేను కళ్ళారా చూశాను. మంచాల నవారు మధ్యలో కోసి, కింద బకెట్లు పెట్టారు. సెలైన్ సీసాలు వేలాడదీయడానికి స్టాండ్లు చాలక, కట్టు గుడ్డలు పేని కిటికీ ఊచలకు కట్టారు. మంచాలు నిండితే వరండాలో చాపలు. గుమ్మం నిండా తెల్లగా సున్నం, బ్లీచింగ్ పొడి. చెల్లె ఇంటికి వస్తే గుమ్మం బయటే చీర మార్చుకుని, వేడినీళ్ళతో స్నానం చేసి గాని లోపలికి వచ్చేది కాదు.

అయినా ఆ దవాఖానలో కలరా లేదు. చేర్చుకునే ప్రతివాళ్ళకూ గ్యాస్ట్రో ఎంటరైటిస్ అని రాయాలని సూపరింటెండెంటు నోటిమాటగా హుకుం జారీ చేశాడు. మలం నమూనాలు పరీక్షకు పంపొద్దన్నాడు. పంపకపోతే తేలదు, తేలకపోతే లేదు. కలరా అని రాసిన మరుక్షణం పైకి తెలియజేయాలి, హైదరాబాదు నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి ప్రపంచానికి పోతుంది. ఊరి పేరు రోగం సోకిన ప్రాంతాల జాబితాలోకి ఎక్కుతుంది. నీళ్ళ పైపులు ఎందుకు బాగుచేయలేదని ఎవరో అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా ఉండటానికి, మనుషులు బకెట్ల మీద ఎండిపోతుంటే, పెద్దమనుషులు ఒక పేరును దాచిపెట్టారు. దవాఖాన సిబ్బంది ఎవరైనా ఆ పేరు బయట అంటే సస్పెండ్ చేస్తామన్నారు.

నేను చూసింది చూసినట్టు రాసి పంపాను. డెస్కులో అధికారుల ధ్రువీకరణ కావాలన్నారు. జిల్లా ఆరోగ్యాధికారిని అడిగితే ఆయన నవ్వి, కొత్త నీళ్ళు కదా, వాంతులు, విరేచనాలు మామూలే అన్నాడు. నా వార్త లోపలి పేజీలో, వాంతులు, విరేచనాలతో పలువురు ఆసుపత్రి పాలు అని చిన్నగా వచ్చింది. మర్నాడు అధికారి ప్రకటన మొదటి పేజీలో, పెద్ద అక్షరాలతో: వరంగల్‌లో కలరా లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చెల్లె అరబ్బు దేశానికి వెళ్ళాలి. అక్కడి పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. దవాఖాన నుంచి దీర్ఘకాలం సెలవు, అభ్యంతరం లేదన్న పత్రం అన్నీ తీసుకుంది. మా నాన్న పోయినప్పటి నుంచి ఆమె అనుకుంటున్నది ఈ ప్రయాణమే. కలరా సూదులు రెండు విడతలూ వేయించుకుంది. కొందరు ఏజెంట్లు సూది లేకుండా ముద్ర కొట్టించి ఇచ్చేవారు. ఆమె అట్లా చేయలేదు, పైగా సూది మీద ఆమెకు పెద్ద నమ్మకమూ లేదు. సూది వేసుకున్నవాళ్ళు కూడా ఒంట్లో క్రిమిని మోసుకుని పోవచ్చని, తమకేమీ కాకుండానే ఇంకొకరికి అంటించవచ్చని నాకు చెప్పింది. కాబట్టి బయలుదేరేదాకా కాచిన నీళ్ళు, వేడి అన్నం, సబ్బుతో చేతులు. అంతకుమించి ఏమీ వద్దు.

అదే కుదరలేదు. మావైపు దూరం పోయేవాళ్ళు దగ్గరివాళ్ళ ప్రతి ఇంట్లో ఎంగిలి పడాలి. అంటే కడుపునిండా తినకపోయినా, ఒక ముద్దో, ఒక గ్లాసు చల్లో నోట్లో పోసుకోవాలి. లేకపోతే ఆ ఇంటితో సంబంధం తెంచుకుని పోయినట్టు. మేం క్రైస్తవులం. మా వాళ్ళలో ముందు ఇంట్లో ప్రార్థన చేస్తారు, తర్వాత ఎంగిలి. చెల్లె ఫ్లాస్కులో కాచిన నీళ్ళు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. గొంతునొప్పి అని, వేడినీళ్ళే తాగాలని ఒక అబద్ధం కట్టింది. గత్తర ఉంది, అందుకే మీ నీళ్ళు తాగను అని చెప్పే వీలు ఆమెకు లేదు. ఆ మాట అంటే ఉద్యోగం పోతుంది, సెలవూ పోతుంది. వరసకు పెద్దమ్మ అయ్యే ఆమె ఒకరు అందరి ముందే అనేసింది:

"ఏందే బిడ్డా, ఫారిన్ పోకముందే మన నీళ్ళు చేదైనయా?"

అందరూ నవ్వారు. చెల్లె కూడా నవ్వింది. ఆమె చేతిలో ఫ్లాస్కు మూత గట్టిగా బిగిసి ఉంది.

చివరి ఇల్లు రఘునాథపల్లిలో మా మేనత్తది. హైదరాబాదు బస్సు ఆ దారినే పోతుంది కనుక పోతూ పోతూ దిగి, తర్వాతి బస్సు ఎక్కాలని అనుకున్నాం. అవ్వకు, అంటే మా అమ్మకు, ఒంట్లో బాగాలేని రోజుల్లో చెల్లెను పెంచింది ఈ అత్తే. ఆమె ముందు గొంతునొప్పి అబద్ధం పనికిరాలేదు. పెద్ద గిన్నెలో అన్నం, పెరుగు, బావి నీళ్ళు పోసి, పచ్చి ఉల్లిగడ్డ తరిగి చేత్తో పిసికి కలిపి ముందు పెట్టుకుని కూర్చుంది.

"అత్తా, జర వేడిది ఏమన్న ఉంటే పెట్టరాదూ" అన్నది చెల్లె.

"ఉక్కపోతల బస్సు దిగి వస్తివి, వేడిదెందుకే? సల్లగ తిను."

"దవాఖాన్ల మస్తు మందికి కడుపులు పోతానయ్ అత్తా. జాగర్తగుండాలె."

అత్త నా వైపు చూసింది. "గదేంది, మీ అన్న పేపర్లనే ఏసిండ్రట గద. పాస్టరు సదివి చెప్పిండు. వరంగల్ల గత్తర లేదు, ఏం లేదని. ఏం కొడుకా, పేపరు అబద్ధం జెప్తదా?"

నేను రాసింది అది కాదని, ఎవరో అధికారి చెప్పింది వేశారని చెప్పబోయాను. అత్త వినలేదు. ముద్ద చేసి చెల్లె నోటి దగ్గర పట్టుకుంది. చెల్లె తిన్నది. మళ్ళీ పెడితే మళ్ళీ తిన్నది. అత్త ప్రయాణం కోసం ప్రార్థన చేసి, నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించింది. లేవబోయి గోడ పట్టుకుని కాసేపు నిలబడింది.

బస్సు ఎక్కినాక చెల్లె అడిగింది. "అత్త కండ్లు లోపలికి గుంజుకపోయినయ్, సూసినవా అన్నా?" నేను చూడలేదు. పొలం పనులు ఎక్కువై అలసిపోయి ఉంటుందన్నాను.

బొంబాయిలో ఏజెంటు మనుషులు ఒక గదిలో ఉంచారు. విమానం ఇవ్వాళ, రేపు అంటూ ఆపారు. అదే విమానానికి పోవాల్సిన వర్ధన్నపేట తాపీమేస్త్రీ ఒకతను పక్కగదిలో ఉన్నాడు. మా భాష వినగానే దగ్గరయ్యాడు, చెల్లెను అక్కా అని పిలిచేవాడు. నేను వరంగల్‌లో మా ఆఫీసుకు ట్రంకు కాల్ చేస్తే, మా సహోద్యోగి సంగతి చెప్పాడు. మేం బస్సెక్కిన సాయంత్రమే అత్తను బండిలో వేసుకుని చెల్లె పనిచేసిన ఆ వార్డుకే తెచ్చారట. మనిషి నీరు కారిపోయి ఉందట. చెల్లె ఒకటే అడిగింది, సెలైన్ ఎక్కిస్తున్నారా అని. ఎక్కిస్తున్నారన్నాను. ఆ తర్వాత ఆమె తన పళ్ళెం, గ్లాసు వేరు పెట్టుకుంది. అందరూ వాడే పాయఖానా తాను వెళ్ళివచ్చిన ప్రతిసారీ ఫినాయిల్ పోసి కడిగేది. మేస్త్రీ చూసి, ఏందక్కా, ఆడికి పొయ్యేదాక ఆగలేవా, ఈడ్నే డ్యూటీ ఎక్కినవా అని ఎగతాళి చేశాడు.

విమానం ఖాయమైన రోజు పొద్దున ఆమె కడుపు జారింది. ఎక్కువేమీ కాదు. జ్వరం లేదు, నీరసం లేదు. ఇక్కడి తిండి పడలేదేమో అన్నాను నేను. మేస్త్రీ పక్కనే ఉండి విన్నాడు.

"అక్కా, నువ్వు గమ్మునుండు. సూది పుస్తకమున్నది, ముద్రలున్నయ్. నిన్ను ఎవడడుగుతడు?"

"ఎవరు అడగరు. గందుకే నా భయం" అన్నది చెల్లె. తర్వాత నా వైపు తిరిగి, "పిల్లల వార్డన్నా అది" అన్నది.

ఆమె అప్పటికే నిశ్చయించుకుందని విమానాశ్రయంలో గాని నాకు తెలియలేదు.

ఆమెను అంటురోగాల ఆసుపత్రికి పంపారు. పరీక్షలో కలరా క్రిమి ఉందని తేలింది. ఆమెకు జబ్బు ముదరలేదు, సూది అంతవరకు పనిచేసి ఉండవచ్చు. క్రిమి పోయిందని నిర్ధారణ అయ్యేదాకా ఉంచుకుని పంపారు. అక్కడి పిల్లల ఆసుపత్రి ఆగలేదు, ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చింది. వీసా గడువు దాటిపోయింది.

బొంబాయి డాక్టరు నియమం ప్రకారం మా జిల్లాకు ఉత్తరం రాశాడు. దానితో మొదలైంది అసలు తమాషా. ఊరికి తిరిగి వచ్చిన చెల్లె చేతిలో సూపరింటెండెంటు మెమో పెట్టాడు. లేని రోగం ఉందని బయటి రాష్ట్రంలో చెప్పి శాఖ పరువు తీసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. క్రిమి దొరికిందని పరీక్ష కాగితం చూపిస్తే, వరంగల్‌లో కలరా లేదు కనుక ఆ క్రిమి బొంబాయిలోనే సోకి ఉండాలి అన్నారు. మా అత్త సంగతి చెప్తే, ఆమెకు వచ్చింది గ్యాస్ట్రో ఎంటరైటిస్ అని రిజిస్టరు చూపించారు. ఆ రిజిస్టరులో అట్లా రాయమన్నది ఎవరు? ఆ మనిషే బల్ల అవతల కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, రికార్డు ప్రకారం మాట్లాడమ్మా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా జన్మలో ఒక మనిషిని కొట్టాలనిపించింది అప్పుడే.

ప్రయాణికుడు తన జాగ్రత్తలు తాను పడగలడు. నీళ్ళు కాచుకుంటాడు, సూది వేయించుకుంటాడు. కానీ బయలుదేరే ఊరు తన రోగం దాచుకుంటే, అతను ఎవరి ఇంట్లో తినాలో, ఎవరి ఇంట్లో తినకూడదో ఎట్లా తెలుస్తుంది? అత్తకు ఎట్లా తెలుస్తుంది? పెద్ద అక్షరాలతో అచ్చైన అబద్ధాన్ని నమ్మి ఆమె బావి నీళ్ళు తాగింది, తన చేత్తో ముద్ద పెట్టింది. అత్త బతికి బయటపడింది గాని ఆమెకూ మా చెల్లె మీదే కోపం వచ్చింది. నా చేతి బువ్వల గత్తర ఉన్నదని బొంబాయిల చెప్పొచ్చింది అని చుట్టాలందరికీ చెప్పుకుని ఏడ్చింది. కలరా దాచినవాళ్ళ ఇంటి మీదికి ఎవరూ పోలేదు. చెప్పిన ఆడమనిషికి సర్కారు మెమో, ఇంటివాళ్ళ ఎడమొగం.

ఎనభైలలో వర్ధన్నపేట మేస్త్రీ సెలవు మీద వచ్చాడు. చేతికి గడియారం, భుజాన టేప్‌రికార్డరు. చెల్లె కోసం సెంటు సీసా తెచ్చాడు. కూర్చుని చాయ తాగుతూ, నొప్పించాలని కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"ఆనాడు నువ్వొక్క మాట మింగితే ఇద్దరం ఒక్క విమానంల పోదుము గద అక్కా."

"నేను మింగింది మా అత్త పెట్టిన ముద్ద తమ్మీ. గదే ఎక్కువైంది" అన్నది చెల్లె. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ మధ్యలోనే మరో దేశం నుంచి నర్సులు కావాలని ప్రకటన వస్తే ఆమె మళ్ళీ దరఖాస్తు చేసింది. ఎంపికైంది కూడా. అభ్యంతరం లేదన్న పత్రం కోసం అడిగితే, ఆ మెమో మీద మీపై విచారణ నడుస్తున్నది, అది ముగిసేదాకా ఇవ్వలేం అని జవాబు వచ్చింది. విచారణాధికారిగా వేసినాయన బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన ఒకసారి పిలిచి, అడిగిందే అడిగి పంపించాడు. ఆయనా రిటైరయ్యాడు. వేరొకరిని వేయలేదు. మా చెల్లె తప్పు చేసిందని ఎవరూ తేల్చలేదు, చేయలేదని కూడా తేల్చలేదు. ఆమెకు ఆ క్రిమి ఏ ఊళ్ళో సోకింది అన్నది ఆ విచారణలో మొదటి ప్రశ్న. దానికి ఎదురుగా జవాబు రాయాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.