సంఘానికి మా వదినే పెద్ద

మీ పక్కింటి మనిషి తన కష్టాన్ని పదిమందిలో చెప్పిపెట్టమని ఎన్నడైనా మీ గడప తొక్కాడా? తొక్కి ఉంటే, దాచుకోవడమెందుకు, మీరంటే నాకు అసూయ. నా గడప ఎవరూ తొక్కలేదు.

పోయిన ఆదివారం మనవడు నన్ను మెట్రోలో ఉప్పల్ దాకా తెచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో నాచారం తీసుకెళ్ళి, మా సంఘం కొత్త భవనం చూపించాడు. మెట్లెక్కగానే ఎదురుగా, గోడంతా తానే అయి, మా వదిన ఫోటో. మనవడు దండం పెట్టాడు. ఫోటోలకు దండం పెట్టడం నా సిద్ధాంతానికి విరుద్ధమని చెప్పి నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఆ గోడ మీద ఉండాల్సిన ముఖం నాదని నేను ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

మాది ఎరుకల కులం. ఈతబరికెలతో గంపలు అల్లేవాళ్ళం. మా ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి సోది చెప్పేవారు. అరవయ్యో దశకంలో నాచారంలో వరసగా ఫ్యాక్టరీలు లేస్తుంటే మావాళ్ళు మోతపనికి అక్కడికి చేరారు. మా కులం పేరు వింటేనే పోలీసు లాఠీ వెతుక్కునే రోజులవి, మాకు అప్పిచ్చేదెవరు? దవాఖానా ఖర్చుకో, చావు ఖర్చుకో అక్కరకొస్తుందని మా మేనమామ జీతాల రోజున ఇంటింటా కొంత పోగుచేసి సంఘం పెట్టాడు. ఆ సంఘానికి ఒక కట్టుబాటుండేది: తన కోసం తాను ఎవరూ అడగకూడదు. కష్టం వచ్చినవాడి తరఫున ఇంకొకరు లేచి అడగాలి.

అలాంటి కట్టుబాటున్న చోట వక్తకు ఎంత గిరాకీ ఉండాలి! మా కులంలో మెట్రిక్ పాసై, ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. సికింద్రాబాదు చర్చావేదికల్లో మూఢనమ్మకాల మీదా, స్త్రీల సమానత్వం మీదా నేను మాట్లాడితే చప్పట్లు ఆగేవి కావు. మా వదినకు అక్షరం ముక్క రాదు. ఉప్పల్, హబ్సిగూడ ఇళ్ళలో పిడికెడు బియ్యానికి సోది చెప్పేది, నేను వేదికలెక్కి ఖండించే ఆ సోదే. అయినా సంఘం సభ దగ్గరపడిందంటే జనం మా వాకిలి ముందునుంచే నడిచి, పక్కనే ఉన్న వదిన మంచం దగ్గరికి పోయి కూర్చునేవారు. కిటికీలోంచి చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

ఒకసారి పక్కింటి హమాలీ అన్నను ఆపి అడిగేశాను.

“ఏందన్నా, నా గడప దాటి పోతున్నవ్? నాకు నోరు లేదా?”

“నీకు నోరు లేదని ఎవడన్నడు తమ్మీ? మస్తుగున్నది. గదే నా ఫికరు. నా బిడ్డ ముచ్చట నువ్వు మొదలువెడితే సర్కారు కాన్నుంచి దేవుని దాంక అందర్ని తిట్టి గాని కిందికి దిగవ్. గంతసేపు నా ఇజ్జత్ నడిబజార్ల నిలవడాలె!”

ఆ మాటను అప్పట్లో నేను అజ్ఞానం కింద కొట్టిపారేశాను.

మేనమామకు చూపు తగ్గింది. వచ్చే సభలో కొత్త పెద్దను ఎన్నుకోండని ఆయన చెప్పినప్పటినుంచి ఆ కుర్చీ తప్ప నాకు మరో ధ్యాస లేదు. సరిగ్గా అప్పుడే నా భార్యకు గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేయించాలనీ దవాఖానాలో చెప్పారు. ఆమె కోసం నాకు దిగులు లేకపోలేదు. కానీ ఒకే ఉపన్యాసంతో సాయమూ అడగవచ్చు, అర్థంలేని కట్టుబాటునూ కూల్చవచ్చు, పెద్దనూ కావచ్చు అని నా బుర్ర లెక్క వేసుకుంది.

ఫ్యాక్టరీ గోడ వెనక రేకుల షెడ్డులో సభ. నేను లేచి, ఆడవాళ్ళ జబ్బుల పేర్లు చెప్పడానికి సిగ్గుపడటం ఎంత మూఢత్వమో వివరించడం మొదలుపెట్టాను. మేనమామ చెయ్యెత్తాడు.

“ఆగు అల్లుడా. నీ ఇంటి సంగతి నువ్వే అడుగుతవా?”

ఎందుకు అడగకూడదో కారణం చూపమని నేను వాదనకు దిగాను. అంతలో ఆడవాళ్ళ వరసలోంచి వదిన లేచింది.

“మామా, మా చెల్లెకు పానం మంచిగ లేదు. దవాఖానాల జేరాలె. ఇయ్యుండ్రి.”

అని కూర్చుంది. ఏం జబ్బని ఒక్కరూ అడగలేదు. ఇద్దాం, ఇద్దామని నాలుగు వైపులనుంచీ వినబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

“నిన్ను ఎవరు అడగమన్నరు వదినా?”

“నీ పెండ్లామే మర్దీ! మొన్న గంపలు అమ్మవోతుంటే ఎంబడొచ్చింది. నీకు జెప్పొద్దన్నది. జెప్తే సభల జెప్తవట!”

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. ఇంట్లో ఇంత పెద్ద వక్తను పెట్టుకుని, నా భార్య కూడా వదిన దగ్గరికే పోయింది. ఆ నవ్వుల్లోనే ఎవరో, గా అక్కనే పెద్దను జేయుండ్రి అన్నారు. ఆడమనిషి పెద్దరికమా అని ఒక ముసలాయన గొణిగాడు. మేనమామ నావైపు తిరిగాడు.

“సదువుకున్నోనివి, నువ్వు జెప్పు అల్లుడా. ఆడోళ్ళు పెద్దరికం జేయొచ్చునా?”

ఊళ్ళన్నీ తిరిగి నేను చెప్పిందే అది. చేయొచ్చు అన్నాను. నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అదే, ఫలితం దక్కింది కూడా దానికొక్కదానికే.

నా భార్య కోలుకుంది. వదిన చాలా ఏళ్ళు సంఘాన్ని నడిపింది. చీటికిమాటికి ఆమె నిర్ణయాల్లో తప్పులు వెతికాను, కొన్ని దొరికాయి కూడా. ఆమె సోదిలో మహిమ లేదని ఇప్పటికీ అంటాను. ఎదుటి మనిషి చెప్పుకున్నంతసేపూ ఊకొట్టి, విన్నదాన్ని కడుపులో దాచుకోవడం మహిమ కాదు. కానీ అదే నాకు చేతకాలేదు, అందుకే ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఈనాటికీ మండుతుంది.

నా ఈడువాళ్ళకు ఒక మాట. ఇప్పుడు ఎటు చూసినా సంఘాలే, సంతోషం. కానీ సాయం పొందే ఆడమనిషిని వేదిక ఎక్కిస్తారు, ఆమె జబ్బు పేరు మైకులో చదువుతారు, చెక్కు ఎత్తి పట్టుకుని నవ్వమంటారు. గోడల మీద మా వదినలాంటివాళ్ళ ఫోటోలు పెట్టుకున్నారు గానీ, తీరు మాత్రం అందరూ నాదే పట్టుకున్నారు. ఇందులోనైనా గెలిచానని సంబరపడదామంటే మనసు రావడం లేదు.

ఈసారి మీ సంఘంలో అట్లా జరిగితే చప్పట్లు కొట్టకండి. లేవండి. ఆ మైకు ఆపించండి. ఆమెను కిందికి దించి, ఇవ్వాల్సింది ఆమె ఇంటికి పోయి ఇచ్చి రండి.