చెల్లెకు కనిపించని చెయ్యి

ఇబ్రహీంపట్నం బడిలో మా చెల్లెను అందరూ మొద్దు అనేవారు. దానికప్పుడు తొమ్మిదేళ్లు, నాకు పన్నెండు. పంతులు నల్లబల్ల మీద రాసిన ఉర్దూ అక్షరాలను కళ్లు చికిలించి చూసేది, తప్పు చదివేది, దెబ్బలు తినేది. పలకను ముఖానికి ఆనించుకుని మాత్రం ముత్యాల్లా రాసేది. అయినా దాని చూపు సంగతి ఎవరికీ తట్టలేదు. పక్కనే కూర్చునే నాకూ తట్టలేదు.

రజాకార్ల రోజులవి. నిజాముకు ఎదురుతిరిగిన సంఘం వాళ్లకు జొన్నరొట్టెలు పెట్టాడని మా బాపును పట్టుకున్నారు. మేం బడి నుంచి ఉరికి వచ్చేసరికి సడక్ మీద లారీ ఎక్కిస్తున్నారు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. బాపు లారీలో నిలబడి మా వైపు చెయ్యెత్తాడు. నేను ఏడుస్తూ చెయ్యి ఊపాను. చెల్లె ఊరికే నిలబడింది. దాని కోసమేనేమో, బాపు ఇంకోసారి ఎత్తాడు. అది కదల్లేదు.

ఇంటికొచ్చాక దాని మీద విరుచుకుపడ్డాను. "బాపు నీకోసం రెండుసార్లు చెయ్యెత్తిండు. సూడనట్టే నిలబడ్డవ్. నీది గుండెనా, రాయా?"

"బాపు గా లారీలున్నడా?" అంది.

అబద్ధమాడుతోందనుకున్నాను.

పోలీస్ చర్య జరిగాక జైళ్లలోంచి మనుషులు తిరిగొచ్చారు. బాపు రాలేదు. జ్వరంతో లోపలే పోయాడని ఆయనతో ఉన్న మనిషి వచ్చి చెప్పాడు.

ఆ తర్వాత వచ్చిన కొత్త పంతులు చెల్లెను కొట్టలేదు. బల్ల దగ్గరికి పిలిచి చదివించాడు. తడబడకుండా చదివింది. సాయంత్రం మా ఇంటికొచ్చాడు.

"పిల్ల మొద్దు కాదమ్మా, దూరంది కనిపిస్తలేదు. పట్నం దవాఖానకు తీస్కపో."

"ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు ఎవలు చేసుకుంటరు?" అంది అమ్మ. పంతులు మూడుసార్లు తిరిగాకే కదిలింది.

అద్దాలు పెట్టుకుని దవాఖాన మెట్ల మీద చెల్లె ఆగిపోయింది. సడక్ అవతల ఒక ముసలాయన తలపాగా చుట్టుకుంటున్నాడు. అతన్నే చాలాసేపు చూసింది.

"అక్కా, గంత దూరంల మనిషి మొఖం గూడ కనబడుతదా? అందరికి గిట్లనేనా?"

"అవ్."

"అయితే ఆనాడు బాపుకు నేను కనబడ్డనా? చెయ్యి ఎత్తలేదని సూసిండా?"

"లేదు బిడ్డా, దుమ్ము లేసింది, కనబడలే," అంది అమ్మ. ఆనాడు అమ్మ అక్కడ లేనే లేదు. చెల్లె నా ముఖంలోకి చూసింది. నేను తల దించుకున్నాను.

బస్సులో దారి పొడవునా అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.